తొమ్మిదో నెలలో కాలు విరిగితే: కట్టుతోనే కాన్పు

నెలలు నిండుతున్నకొద్దీ పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. పొట్ట ముందుకొచ్చేసరికి నడుము వెనక్కి వంగుతుంది, ఒంటి బరువు నిలిచే చోటు మారుతుంది, కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు సడలుతాయి. తన పాదం ఎక్కడ పడుతోందో తనకే కనబడదు. విశాఖలో వీటికి ఊరి తీరు కూడా తోడవుతుంది. ఆరిలోవ, హనుమంతవాక వైపు కొండవాలు ఇళ్లకు ఒక మెట్టు ఎత్తు, ఇంకో మెట్టు పొట్టి. సముద్రపు గాలికి గచ్చు చెమ్మగానే ఉంటుంది. అక్టోబరు, నవంబరు తుపాన్లప్పుడు కరెంటు పోతే అపార్ట్‌మెంట్ లిఫ్టులూ ఆగిపోతాయి. తొలి కాన్పుకి కన్నవారింటికి వచ్చిన అమ్మాయికైతే, పుట్టి పెరిగిన ఇల్లే అయినా పెళ్లయ్యాక కట్టిన కొత్త బాత్రూమ్ మెట్టు కాలికి అలవాటుండదు.

ఇలా కాలు మడతపడినప్పుడు ఎక్కువగా దెబ్బతినేది చీలమండ. అది బెణుకైనా, ఎముక విరిగినా, అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఎముకల డాక్టరు కాలు చూసి కట్టు వేసి పంపుతారు. ప్రసూతి డాక్టరు బిడ్డ గుండె చప్పుడు విని పంపుతారు. కట్టున్న కాలిని లేబర్ రూమ్‌లో ఎలా ఉంచాలి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్ కాన్పుకి ముందు ఎప్పుడు ఆపాలి అన్న ప్రశ్నలు ఆ ఇద్దరి మధ్యా జారిపోతాయి. నొప్పులు మొదలయ్యాక వాటికి జవాబు వెతికే తీరిక ఎవరికీ ఉండదు. కాబట్టి ఈ రెండు విభాగాలనూ ముందే కలిపే బాధ్యత ఇంటివాళ్లు తీసుకోవాలి. నేను రాసేదంతా దాని కోసమే.

కాలి కంటే ముందు కడుపు

పడగానే చంకల కింద చేతులేసి లేపెయ్యొద్దు. ముందు ఎడమవైపుకి ఒత్తిగిలి పడుకోబెట్టండి. 20 వారాలు దాటాక వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాలను నొక్కుతుంది. తల్లికి కళ్లు తిరుగుతాయి, బిడ్డకి రక్తం తగ్గుతుంది. నడుముకి దెబ్బ తగిలి కదపడానికి భయమేస్తే, తల నుంచి కాళ్ల దాకా ఒంటిని ఒకే వరసలో ఉంచి, కుడి తుంటి కింద మడతపెట్టిన దుప్పటి దోపి కొంచెం ఎడమకి వాల్చితే చాలు.

తర్వాత చూడవలసినవి: రక్తం కనబడుతోందా, ఉమ్మనీరు కారుతోందా, పొట్ట గట్టిపడి వదులుతోందా, ముట్టుకుంటే నొప్పిగా ఉందా, బిడ్డ కదలిక తగ్గిందా. వీటిలో ఏ ఒక్కటున్నా, పొట్టకి దెబ్బ తగిలినా, గట్టిగా కూలబడినా 108కి ఫోన్ చేసి ప్రసూతి విభాగం ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. చిన్నదిగా కనబడే దెబ్బకి కూడా మాయ గర్భసంచి గోడ నుంచి విడిపోవచ్చు. అప్పుడు రక్తం లోపలే నిలిచి, బయటికి ఒక్క చుక్కా రాకపోవచ్చు. అందుకే ఆసుపత్రిలో కనీసం 4 గంటలు పొట్టకి సీటీజీ యంత్రం పెట్టి బిడ్డ గుండె వేగాన్నీ, పొట్ట బిగుసుకోవడాన్నీ కలిపి చూస్తారు. నొప్పులో, రక్తమో, పొట్ట నొప్పో ఉంటే 24 గంటలు ఉంచుతారు. ఒక్కసారి స్కానింగ్ తీసి బాగుందంటే సరిపోదు. మాయ విడిపోవడం మొదలైన చాలా కేసుల్లో స్కానింగ్‌లో ఏమీ తేలదు.

తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే ఆ మాట క్యాజువాల్టీలో మీరే చెప్పండి. పొట్టకి దెబ్బ తగిలితే 72 గంటల్లోపు, బిడ్డ రక్తానికి ఎదురుగా తల్లి ఒంట్లో యాంటీబాడీలు పుట్టకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. మన దగ్గర మామూలుగా ఇచ్చేది 300 మైక్రోగ్రాములు. ఏడో నెలలో ఒకసారి తీసుకున్నాం కదా అని ఊరుకోకూడదు, మళ్లీ అవసరమా అని డాక్టరుని అడగాలి.

మెట్టెలు, పట్టీలు, ఐస్

కాలి వాపు పొంగకముందే మెట్టెలు, పట్టీలు తీసెయ్యండి. ఇది ముహూర్తం చూసి చేసే పని కాదు. గంట గడిస్తే మెట్టె కిందకి రాదు, వేలికి రక్తం ఆగిపోతుంది. ఇరుక్కుంటే సబ్బు నురగ గానీ నూనె గానీ రాసి, మెట్టె కిందనుంచి దారం దూర్చి, వేలి కొస వైపు దగ్గరదగ్గరగా చుట్టి, లోపలి కొస నుంచి విప్పుతూ వస్తే మెట్టె జారుతుంది. అలా కూడా రాకపోతే క్యాజువాల్టీలో కత్తిరించేస్తారు. ఆనవాయితీ మాట తర్వాత చూసుకోవచ్చు.

ఐస్ నేరుగా చర్మం మీద పెట్టకుండా తడిగుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు, రెండు మూడు గంటలకోసారి, మొదటి రెండు రోజులు పెట్టండి. క్రేప్ బ్యాండేజ్ 4 అంగుళాల వెడల్పుది తీసుకుని వేళ్ల మొదలు నుంచి పైకి చుట్టాలి. కింద కొంచెం బిగువు, పైకి పోయేకొద్దీ వదులు. తలకిందులుగా చుడితే వాపు పాదంలోనే చిక్కుకుంటుంది. కాలు ఎత్తు మీద పెట్టుకోమంటే చాలామంది వెల్లకిలా పడుకుని దిండ్లు పేరుస్తారు. ఈ నెలల్లో అది కుదరదు. ఎడమవైపు తిరిగి పడుకుని, మోకాలి నుంచి పాదం దాకా మొత్తం ఆనేలా రెండు దిండ్లు వరసగా పెట్టండి. మడమ ఒక్కటే దిండు మీద ఉంటే మోకాలు కిందకి వేలాడి తుంటి లాగుతుంది.

వేడి కాపడం, పసుపు-సున్నం పట్టు, నూనె మర్దన మొదటి రోజుల్లో వద్దు. పుత్తూరు కట్టు పేరు చెప్పుకుని కట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళదామని పెద్దవాళ్లు అంటారు. వాళ్ల ఆదుర్దా నిజమైనదే. కానీ గర్భిణి పిక్కలో రక్తం గడ్డకట్టి ఉంటే మర్దనతో ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకి పోవచ్చు. ఎక్స్‌రే లేకుండా వెదురుబద్దలతో బిగించిన కట్టు, వాపు పెరిగే కాలికి ఉరి అవుతుంది. ఈ విషయంలో నేను సర్దుకుపోయే మాట చెప్పలేను.

ఎక్స్‌రే భయం, మందుల అజాగ్రత్త

నాలుగడుగులు కూడా వెయ్యలేకపోతున్నా, చీలమండ రెండువైపులా పొడుచుకొచ్చే ఎముక మీద వేలితో నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉన్నా, పాదం బయటి అంచు మధ్యలో ఎముక నొప్పిగా ఉన్నా ఎక్స్‌రే తియ్యాలి. కడుపుతో ఉన్నాం కదా అని మానుకోవద్దు. చీలమండ ఎక్స్‌రే వల్ల బిడ్డకి చేరే రేడియేషన్ 0.001 మిల్లీగ్రే కంటే తక్కువ. హాని గురించి ఆలోచించవలసిన మోతాదు 50 మిల్లీగ్రే పైమాట. ఎక్స్‌రే తియ్యక వంకరగా అతికిన ఎముక వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

భయపడాల్సింది నొప్పి మాత్రలకి. చాలాచోట్ల దానికి భయపడరు. క్యాజువాల్టీలో అలవాటుగా వేసే నొప్పి ఇంజెక్షన్ తరచుగా డైక్లోఫెనాక్ అవుతుంది. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ 20 వారాల తర్వాత బిడ్డ మూత్రపిండాల పని తగ్గించి ఉమ్మనీరు తగ్గేలా చేస్తాయి. ఏడో నెల దాటాక బిడ్డ గుండె దగ్గర పుట్టేదాకా తెరిచి ఉండాల్సిన రక్తనాళాన్ని ముందే మూసుకుపోయేలా చేస్తాయి. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ ఉంది, జీరోడాల్-పీలో అసిక్లోఫెనాక్ ఉంది. వోలిని లాంటి పూత జెల్‌లో కూడా డైక్లోఫెనాక్ ఉంటుంది, చర్మం ద్వారా కొంత లోపలికి పోతుంది. వాడదగ్గది పారాసెటమాల్: 500 లేదా 650 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి. డాక్టరు చెప్పకుండా రోజుకి 3 గ్రాములు దాటొద్దు. మెడికల్ షాపులో మందు పేరు అడిగేముందు ఎన్నో నెలో చెప్పండి. ట్రమడాల్ లాంటి గట్టి మందు కాన్పు దగ్గరలో వాడితే పుట్టిన బిడ్డ ఊపిరి మందగించవచ్చు. వాడక తప్పకపోతే ఆ సంగతి పిల్లల డాక్టరుకి ముందే తెలియాలి.

ఇంకొక మాట. రెండు కాళ్లూ, చేతులూ, మొహమూ వాచి, తలనొప్పి, కళ్లు మసకలు ఉంటే అది బెణుకు వాపు కాదు. బీపీ చూపించుకోండి. 140/90 ఉన్నా, దాటినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కట్టు, దాని పక్కనే పొంచి ఉండే గడ్డ

తొమ్మిదో నెలలో కాలు పొద్దున ఒకలా, సాయంత్రానికి ఒకలా ఉంటుంది. అందుకే మొదట చుట్టూ మూసిన ప్లాస్టర్ కాకుండా, వెనకవైపు మాత్రమే ఉండే స్లాబ్ వెయ్యమని అడగడం మంచిది. విరిగిన ఎముక పక్కకి జరగకపోతే పట్టీలతో తీసిపెట్టుకునే వాకర్ బూట్ ఇంకా మేలు. వాపుని బట్టి సడలించుకోవచ్చు, కాన్పు టేబుల్ మీద విప్పడానికీ వీలు. కట్టు బిగిసిందని తెలిపే గుర్తులు: నొప్పి మందుకి లొంగకపోవడం, వేళ్లు మొద్దుబారడం, ఎవరైనా బొటనవేలు పైకి వంచితే పిక్కలో నొప్పి పెరగడం, వేళ్లు నీలంగానో తెల్లగానో మారడం. సీమంతానికి పెట్టిన గోరింటాకు, నెయిల్ పాలిష్ గోరు రంగుని కప్పేస్తాయి. కాబట్టి గోరు కాకుండా వేలి కింది మెత్తని భాగం నొక్కి వదలండి. రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగిరావాలి. రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు.

గర్భం వల్లే రక్తం గడ్డకట్టే గుణం నాలుగైదు రెట్లు పెరుగుతుంది. కాలు కదపకుండా కూర్చోవడం దానికి తోడు. ఎడమ కాలికి ఈ ముప్పు ఎక్కువ. అందువల్ల కట్టు వేసిన రోజే, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఎనోక్సాపరిన్ ఇంజెక్షన్ కావాలా అని ఇద్దరు డాక్టర్లనీ అడగండి. 50 నుంచి 90 కిలోల బరువున్నవాళ్లకి మామూలుగా రోజుకి 40 మిల్లీగ్రాములు, చర్మం కింద. ఇది మాయ దాటి బిడ్డకి చేరదు. కాకపోతే ఆ మోతాదు పడ్డాక 12 గంటలు గడిచేదాకా వెన్నులో మత్తు సూది వెయ్యరు. చికిత్స కోసం ఇచ్చే పెద్ద మోతాదైతే 24 గంటలు. కాబట్టి రోజూ ఒకే వేళకి వేసుకుని, వేసిన గంట కాగితం మీద రాసిపెట్టాలి. నొప్పులు మొదలైనట్టు అనిపిస్తే తర్వాతి డోసు ఆపి ఆసుపత్రికి ఫోన్ చెయ్యాలి. పిక్కలో కొత్త నొప్పి, తొడ దాకా వాపు, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వస్తే అదే 108.

గంటకోసారి కట్టు లేని కాలి చీలమండని, కట్టున్న కాలి వేళ్లని పైకీ కిందకీ ఇరవైసార్లు ఆడించండి. నీళ్లు బాగా తాగండి. కాల్షియం 500 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి రెండు, ఐరన్ మాత్రతో కలపకుండా. కలిపి మింగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

ఇల్లు

చంక కర్రలు నిండు నెలల్లో నాకు నచ్చవు. ముందుకి తూలే ఒళ్లు, ఒంటికాలి మీద గెంతు, కలిస్తే మళ్లీ పడడమే. నాలుగు కాళ్ల వాకర్ నయం. చేతులు కిందికి వదిలి నిలబడితే మణికట్టు మడత ఎత్తుకి దాని పిడి రావాలి. వాకర్ కాళ్లకుండే రబ్బరు తొడుగులు అరిగితే తడి మొజాయిక్ మీద జారతాయి, కొత్తవి వేయించండి. కాలు అసలు మోపకూడదంటే ఇంట్లో కూడా వీల్‌చెయిరే. వీల్‌చెయిర్, వాకర్, కమోడ్ కుర్చీ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. కొనేముందు అద్దెకి ఇస్తారేమో అడగండి. నేలబారు మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో కమోడ్ కుర్చీ లేకుండా కట్టుకాలితో ఒక్కరోజు కూడా గడవదు.

మెట్లు తప్పనిసరైతే ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు. తోడుగా ఉన్నవాళ్లు ఎప్పుడూ ఆమెకి దిగువ మెట్టు మీదే ఉండాలి. కొండవాలు ఇళ్లవాళ్లకి నా సలహా వేరు. 108 బండి రోడ్డు దాకానే వస్తుంది. రాత్రిపూట నొప్పులతో ఉన్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి ముప్పై నలభై మెట్లు దింపడం ప్రమాదం. 37 వారాలు నిండేసరికి రోడ్డు పక్కన, కింది అంతస్తులో ఉన్న చుట్టాలింటికి మారిపోండి. తుపాను హెచ్చరిక ఉంటే లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంట్ వాళ్లకి కూడా ఇదే మాట.

ఒక్క కాగితం

కాన్పు ఎక్కడన్నది మళ్లీ ఆలోచించాలి. ఎముకల విభాగం, ప్రసూతి, మత్తు డాక్టరు ఒకే ఆవరణలో దొరికే చోటు కావాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కేజీహెచ్ అలాంటిది. ఘోషాసుపత్రి అనే ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో పేరు రాయించుకున్నవాళ్లు, కట్టు పడ్డాక అక్కడే కాన్పు చేస్తారా, కేజీహెచ్‌కి పంపుతారా అన్నది వెంటనే తేల్చుకోవాలి. నర్సింగ్ హోమ్ వాళ్లని కూడా ఇదే అడగండి.

తల్లీబిడ్డ కార్డుకి ఒక కాగితం పిన్ చేయించండి. ఎముకల డాక్టరు చేత రాయించవలసినవి: ఏ ఎముక, ఏ తేదీన విరిగింది, ఆ కాలి మీద బరువు మోపవచ్చా, మోకాలు, తుంటి ఎంతవరకు వంచవచ్చు, కట్టుని అవసరమైతే విప్పవచ్చా. దాని కిందే ఇంజెక్షన్ పేరు, మోతాదు, వేసే వేళ. రక్తం గ్రూపు. మత్తు డాక్టరుని 36 వారాలప్పుడు ఒకసారి కలిసి, ఆ కాగితం మీదే ఆయన మాట కూడా రాయించండి.

లేబర్ రూమ్

చీలమండ విరిగిందన్న ఒక్క కారణంతో కాన్పుకి సిజేరియన్ ఆపరేషన్ అవసరం లేదు. బిడ్డ వచ్చే దారికి చీలమండతో సంబంధం లేదు. పైగా ఆపరేషన్ చేస్తే గడ్డకట్టే ముప్పు ఇంకా పెరుగుతుంది, కోత కుట్లతో వాకర్ మీద బరువు వెయ్యడం నరకం. కటి ఎముకో, తుంటో విరిగితే సంగతి వేరు, అది ఇద్దరు డాక్టర్లు కలిసి తేల్చాల్సింది.

నొప్పులు మొదలయ్యాక నడవమంటారు. నడవలేనివాళ్లు కుర్చీలో కూర్చుని ముందున్న మంచం మీదకి వాలవచ్చు. మంచం మీద మోకాళ్ల మీదకి వంగి, కట్టున్న పాదాన్ని అంచు బయటికి వేలాడనివ్వవచ్చు. గొంతుకూర్చోవడం మాత్రం కుదరదు. ఉమ్మనీరు, రక్తం తగిలితే సున్నపు ప్లాస్టర్ మెత్తబడుతుంది. ముందే పాలిథిన్ కవర్ తొడిగి, వేళ్లు కనబడేలా వదిలి, పైఅంచు టేపుతో అతికించండి.

ముక్కే వేళకి అన్నిటికంటే అనువైనది పక్కకి తిరిగి పడుకోవడం. కుడికాలికి దెబ్బైతే ఎడమవైపు తిరగాలి. కట్టున్న కాలు పైన ఉంటుంది, తోడున్న మనిషి ఒక చెయ్యి తొడ కింద, ఒక చెయ్యి పిక్క కింద పెట్టి మోయాలి. పాదం పట్టుకుని ఎత్తకూడదు. ఎడమకాలికి దెబ్బైతే పని తేలిక: అదే వైపు తిరిగి ఆ కాలిని దిండు మీద వదిలేసి, బాగున్న కాలిని తనే పట్టుకోవచ్చు. అందుకే లోపలికి వెళ్లే తోడు మనిషి కాస్త బలమున్నవాళ్లై ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కూడా లేబర్ రూమ్‌లోకి ఒక ఆడతోడుని అనుమతించాలన్నది లేబర్ రూమ్‌ల నాణ్యత కోసం కేంద్రం తెచ్చిన ‘లక్ష్య’ కార్యక్రమం మార్గదర్శకాల్లో ఉంది, అడగండి. పాదం ఆనించి తన్ని ముక్కమని ఎవరైనా అంటే, కట్టుకాలితో అలా చెయ్యకూడదని ఆ తోడే గుర్తుచెయ్యాలి.

బిడ్డ తలని పట్టి లాగే వాక్యూమ్ వాడాలన్నా, కుట్లు వెయ్యాలన్నా కాళ్లు పైకెత్తి కట్టే పద్ధతి తప్పదు. అప్పుడు రెండు కాళ్లూ ఒకేసారి ఎత్తాలి, ఒకేసారి దించాలి. కట్టున్న కాలిని చీలమండ దగ్గర పట్టీతో వేలాడదీయకూడదు, పిక్క మొత్తం ఆనే తొట్టిలాంటి ఆధారం ఉండాలి. మోకాలి బయటివైపు, కొంచెం కిందగా చేతికి తగిలే ఎముక బొడిపెని చుట్టుకుని ఒక నరం పోతుంది. ప్లాస్టర్ అంచో, ఇనుప కడ్డీయో దాన్ని నొక్కితే పాదం పైకి లేవకుండా పడిపోతుంది. అక్కడ మెత్త పెట్టించండి. బిడ్డ భుజం ఇరుక్కుంటే తల్లి మోకాళ్లని పొట్టకేసి బాగా వంచుతారు. మోకాలి కింద ఆగే కట్టు దీనికి అడ్డు కాదు. తొడ దాకా ఉన్న కట్టు అడ్డమే. అలాంటి కట్టు ఉన్నవాళ్లు కాన్పుకి ముందే దాన్ని కుదించవచ్చా అని అడిగి తీరాలి.

ఎపిడ్యూరల్ (నొప్పులు తెలియకుండా వెన్నులో సన్న గొట్టం పెట్టి ఇచ్చే మత్తు) తీసుకోవచ్చు. అయితే మత్తులో కట్టు బిగిసిన నొప్పి తెలియదు. అరగంటకోసారి ఎవరో ఒకరు వేళ్ల రంగు, వెచ్చదనం చూడాలి.

తర్వాత

సెలైన్లు ఎక్కాక, కాన్పైన మొదటి రెండు మూడు రోజులు కాళ్లు ముందుకంటే ఎక్కువ వాస్తాయి, కట్టు బిగుస్తుంది. వారం తిరిగేసరికి నీరంతా దిగిపోయి అదే కట్టు వదులై లోపల కాలు ఆడుతుంది. రెండుసార్లూ చూపించాలి. వదులైన కట్టులో ఎముక జరిగిపోవచ్చు. వెన్ను గొట్టం తీసిన కనీసం 4 గంటల తర్వాత ఎనోక్సాపరిన్ మళ్లీ మొదలుపెడతారు, ముప్పు ఎక్కువున్నవాళ్లకి 6 వారాల దాకా సాగుతుంది. పాలివ్వడానికి అడ్డేమీ లేదు. ఐబుప్రొఫెన్ కూడా ఇప్పుడు పాలిచ్చే తల్లికి వాడదగ్గదే, డాక్టరుని అడిగి.

బాలింతకి నీళ్లు తగ్గించే పథ్యం ఈ కాలికి పనికిరాదు. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది, మలబద్ధకం కుట్లని చంపుతుంది. పురిటి స్నానం పీట మీద కాకుండా ఎత్తు కుర్చీ మీద చేయించండి, కట్టున్న కాలు ఇంకో స్టూలు మీద బయటికి చాపి. నులక మంచం నుంచి ఒంటికాలి మీద లేవడం కష్టం, కూర్చుంటే మోకాలు తుంటి కంటే కిందికి ఉండే ఎత్తు మంచం కావాలి. వాకర్ పట్టుకున్న చేతులతో బిడ్డని ఎత్తుకోవడం కుదరదు, గుడ్డతో ఒంటికి కట్టుకుని నడవడం అంతకంటే ప్రమాదం. బిడ్డని మంచం దగ్గరికి తెచ్చి అందించే మనిషి రాత్రిపూట కూడా ఆ గదిలోనే పడుకోవాలి. పక్కకి తిరిగి పడుకుని పాలిస్తే కాలికీ విశ్రాంతి.

చీలమండ ఎముక మామూలుగా విరిగితే కట్టు 6 వారాలు. విప్పాక పిక్క సన్నబడి, కీలు బిగుసుకుని ఉంటుంది. పాదంతో గాలిలో అక్షరాలు రాయడం, తువ్వాలుని వేళ్లతో లాక్కోవడం, తర్వాత గోడ పట్టుకుని మడమలు లేపడం రోజుకి మూడుసార్లు చెయ్యాలి. గోడ పట్టుకోకుండా ఆ ఒక్క కాలి మీద నిలబడగలిగేదాకా బిడ్డని ఎత్తుకుని మెట్లు దిగొద్దు.